ఏది నడవదో ముందే రాసిన మేడం

ఉప్పల్ చౌరస్తా దాటి బోడుప్పల్ వైపు వెళ్ళే దారిలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణం ఒకటి ఉంది. మొన్న అటుగా వెళ్తుంటే ఆ దుకాణం అతను ఒక పాత సీపీయూను మెట్టు మీద పెట్టి, మూత విప్పి, బ్లోయర్‌తో గాలి కొడుతున్నాడు. లోపల ఏళ్ళ తరబడి కాపురమున్న దుమ్మంతా లేచి రోడ్డెక్కింది. పక్కన చాయ్ తాగుతున్నవాళ్ళు కప్పుల మీద చేతులు అడ్డం పెట్టుకుని అతని వంశాన్ని పేరుపేరునా తలుచుకున్నారు. నేను మాత్రం బండి ఆపి, ముక్కు నిండా పీల్చుకున్నాను. కాలిన దుమ్ము, వేడెక్కిన ప్లాస్టిక్, ఆ పక్క పాన్ డబ్బాలో వెలుగుతున్న మల్లె అగరొత్తి. ఈ మూడూ కలిస్తే నాకు వసుంధర మేడం గుర్తొస్తారు. పెద్దవాళ్ళను గుర్తుకు తెచ్చుకోవడానికి లోకంలో గంధమూ, పసుపూ, కాగుతున్న నెయ్యీ లాంటి మర్యాదైన వాసనలు చాలా ఉన్నాయి. మా మేడం వాటా కింద ఇది వచ్చింది, ఏం చేస్తాం.

మేడంను మీరు చూడలేదు కాబట్టి చెబుతాను. హనుమకొండ మనిషి. ఒక ప్రభుత్వ సంస్థలో కంప్యూటర్ల మీద చాలాకాలం పనిచేసి, తోటివాళ్ళంతా రిటైరై తీర్థయాత్రలకు బట్టలు సర్దుకునే వయసులో, నాచారం పారిశ్రామికవాడలో అట్టపెట్టెలు చేసే షెడ్డు మీద అద్దెకు దిగి సొంత కంపెనీ పెట్టారు. నేత చీర, దాని కింద స్పోర్ట్స్ బూట్లు. మెడలో తాళ్ళకు రెండు కళ్ళజోళ్ళు వేలాడేవి. ఒకటి మనుషుల్ని చూడ్డానికి, ఒకటి తెరను చూడ్డానికి. తొందరలో రెండూ మారిపోయేవి. అప్పుడు మన మొహాన్ని తెరను చూసినట్టు పైనుంచి కిందికి చదివేవారు, తప్పు ఏ వరసలో ఉందోనని. ఆ కంపెనీ సరుకు పేరు వెబ్ లైబ్రరీ. పేరుకే లైబ్రరీ, అక్కడ ఒక్క పుస్తకం ఉండదు. పీర్జాదిగూడలో ఇల్లు కట్టేవాడు కిటికీలు తానే చెక్కుకుంటూ కూర్చోడు కదా, దుకాణానికి వెళ్ళి తయారైన కిటికీ తెచ్చి గోడలో బిగిస్తాడు. అలాగే వెబ్‌సైట్లు కట్టేవాళ్ళు తెచ్చి బిగించుకోవడానికి క్యాలెండర్లు, పట్టికలు, బటన్లు ముందే చేసిపెట్టిన సరుకు అది.

నేను ఆ షెడ్డుకు మంచినీళ్ళ క్యాన్లు వేసేవాణ్ణి. తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. బడి కూడా నన్ను ఆపడానికి పెద్దగా కష్టపడలేదు. చదువు ఆగిన చోట నోరు మొదలైంది. నీళ్ళు వేసే ప్రతి ఇంట్లో ఒక జోకు ఉచితంగా వేసి వచ్చేవాణ్ణి. ఒకరోజు క్యాన్ భుజాన వేసుకుని మెట్లెక్కేసరికి మేడం తెర ముందు ఒంటరిగా కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, కళ్ళజోడు మార్చుకుని, కుర్చీ జరిపారు.

"యాదగిరీ, జర గీ బటన్ నొక్కు. దీని సంగతి తెల్వని మనిషి నొక్కితె ఎట్లుంటదో సూడాలె."

నొక్కాను. తెర మీద ఒక చక్రం తిరగడం మొదలుపెట్టింది. మళ్ళీ నొక్కాను. ఇంకోసారి నొక్కాను. ఆ తర్వాత తబలా అందుకున్నాను. పేజీ మొత్తం తెల్లగా పాలిపోయి బిగుసుకుపోయింది.

"అన్నిసార్లు ఎందుకు నొక్కినవ్?"

"పని గాకపోతె ఒక్కసారి నొక్కి సప్పుడు జెయ్యకుంట కూసుంటరా మేడం? లిఫ్టు కాడ సూడున్రి. నొక్కినోళ్ళే మళ్ళ నొక్కుతరు. జల్ది వస్తదని కాదు, మనసుకు తసల్లి."

నవ్వుతారనుకున్నాను. మేడం నవ్వలేదు. ఆ తెల్లబడిన తెర వైపు, నా బొటనవేలి వైపు మార్చి మార్చి చూశారు.

"మా ఇంజనీర్లు మర్యాదస్తులు. ఒక్కసారే నొక్కుతరు. రేపట్నుంచి వస్తవా, చెడగొట్టనీకి?"

"చెడగొడితె పనిలకెల్లి తీసేటోళ్ళనే సూసిన మేడం. పనిల పెట్టుకునేటోళ్ళను సూడలె."

అలా నేను టెస్టర్‌ను అయ్యాను. ఆ సాయంత్రం మా అమ్మ, "ఏం పని బిడ్డా?" అని అడిగింది. చెడగొట్టుడు అన్నాను. "గదైతె ఇంట్లనే జేస్తుంటివి గద, గంత దూరం ఎందుకు?" అంది. నా నోరు ఎవరి వైపు నుంచి వచ్చిందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

బ్రౌజర్ అంటే ఏమిటి, సర్వర్ అంటే ఏమిటి అని మేడం నాకు బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పలేదు. నేను తెచ్చిన క్యానే చూపించి చెప్పారు. "ప్లాంట్ల నీళ్ళు నింపుతరు సూడు, అది సర్వర్. ఇంట్ల గ్లాసులకు ఒంపుకుంటరు సూడు, అది బ్రౌజర్. మనం నడుమ క్యాన్ అసుంటోళ్ళం. ప్లాంటు బంద్ ఉన్నా తిట్లు మనకే, గ్లాసుకు చిల్లున్నా తిట్లు మనకే. అందుకని ఏం జెయ్యాలె?" నేను వెంటనే, "పైసలు ముందే వసూల్ చెయ్యాలె మేడం," అన్నాను. "కాదు. ఎసుంటి గ్లాసు పట్టాలె, ఎసుంటి ప్లాంటు ఉండాలె, ముందే చెప్పాలె." ఆ ముందే చెప్పడానికి కంపెనీ వెబ్‌సైట్‌లో ఒక పేజీ ఉండేది. రిక్వైర్‌మెంట్స్ పేజీ. మా లైబ్రరీ ఏ బ్రౌజర్‌లో, ఏ వెర్షన్ నుంచి నడుస్తుంది, సర్వర్ మీద ఏమేం ఉండాలి అన్నది అక్కడ రాసి ఉండేది. మిగతా కంపెనీల వాళ్ళు ఈ పేజీని ఇంటి వెనక బాత్రూమ్‌లాగా ఎవరికీ కనబడని మూలన కడతారు. మేడం గుమ్మంలోనే కట్టారు. నడిచేవి సగం, నడవనివి సగం. నడవనివి ఎర్ర అక్షరాల్లో.

"ఏ దుకాణపోడన్న బోర్డు మీద 'మా కాడ చక్కెర మంచిగుండది' అని రాసుకుంటడా మేడం?" అని ఒకసారి అడిగాను.

"రాసుకున్నోని కాడ పప్పు కళ్ళు మూసుకొని కొనొచ్చు," అన్నారు.

ఆ పేజీకి ఒక నియమం ఉండేది. ఆఫీసులో ఎవరో ఒకరు కళ్ళారా చూడకుండా అందులో ఒక్క వరస కూడా రాయకూడదు. నడుస్తుందని రాయాలన్నా చూసి ఉండాలి, నడవదని రాయాలన్నా చూసి ఉండాలి. ఇంజనీర్లు, "నడవాలి మేడం, థియరీ ప్రకారం నడుస్తుంది," అంటే, "థియరీని పిలువు, కూసోబెట్టి నొక్కిద్దాం," అనేవారు. ఫోన్లు ఎత్తే పని కూడా మెల్లగా నాకే వచ్చింది. పీర్జాదిగూడ నుంచి అపార్ట్‌మెంట్లు కట్టే ఒకాయన ఒకరోజు మండిపడుతూ చేశాడు. మా పట్టిక వాళ్ళ సైట్‌లో తెరుచుకోవడం లేదట, తెరుచుకున్నా మధ్యాహ్నం అయ్యేసరికి పడిపోతోందట. మేడం నేర్పిన వరసలో బ్రౌజర్ అడిగాను, వెర్షన్ అడిగాను, అన్నీ బాగానే ఉన్నాయి. సర్వర్ ఎక్కడుంది సార్ అని అడిగాను.

"మా ఆఫీసులనే ఉన్నది, బీరువా పక్కపొంటి. మీదికెల్లి ఫిష్ ట్యాంక్ పెట్టినం."

"దేని మీదికెల్లి సార్?"

"దాని మీదనే. సదునుగున్నది గద. కని తమ్మీ, గీ నడుమ చేపలు జర మత్తుగుంటున్నయి. గదేమన్న మీ లైబ్రరీ వల్లనా?"

ఫోన్ చేత్తో మూసి నేను నేల మీద కూర్చుని నవ్వాను. మేడం నవ్వలేదు. ఫోన్ తీసుకుని, చేపలను ముందు దించమని, సర్వర్‌కు ఊపిరాడే చోటు ఇవ్వమని నెమ్మదిగా చెప్పారు. పెట్టేసి నేరుగా తెర ముందుకు వెళ్ళి, సర్వర్ భాగం కింద కొత్త వరస ఒకటి రాశారు: సర్వర్ మీద బరువులు, ద్రవాలు, ప్రాణులు ఉండరాదు. అదేంటి మేడం, అందరూ నవ్వుతారు అన్నాను. "ఇప్పుడు ఇది కండ్లార సూసినట్టే గద," అన్నారు. అప్పుడు నవ్వారు. మేడం నవ్వితే ముందు రెండు కళ్ళజోళ్ళు కదిలేవి, ఆ తర్వాత మేడం.

కళ్ళారా చూడాలంటే చూడ్డానికి పాత బ్రౌజర్లు కావాలి. అందుకోసం ఆఫీసు వెనక ఒక గది ఉండేది. మేము ముసలోళ్ళ గది అనేవాళ్ళం. వరసగా పాత కంప్యూటర్లు. ఒక్కొక్కదానిలో ఒక్కో కాలం నాటి బ్రౌజర్ ఎక్కడిది అక్కడే ఆగిపోయి ఉండేది. బయటి నెట్ వైరు వాటికి తగలనిచ్చేవారు కాదు. తగిలిందా, వాటంతట అవే అప్‌డేట్ అయిపోయి కుర్రవాళ్ళయిపోతాయి. లోకమంతా ముసలితనం రాకూడదని మందులు మింగుతుంటే, మా మేడం ఒక గది నిండా ముసలితనాన్ని చెడిపోకుండా కాపాడేవారు. పేర్లు నేను పెట్టాను. ఒకటి మేనత్త, ఏది చూపించినా వంక పెట్టేది. ఒకటి పెదనాయన, ఏం అడిగినా చాలాసేపు ఆలోచించి అదే జవాబు చెప్పేది. అన్నిటికన్నా పాతది తాత. తాతలో ఉన్న బ్రౌజర్ విడిగా దొరికేది కాదు, ఆ కంప్యూటర్‌తో పాటే పుట్టింది. ఆ కాలం డిస్కు కూడా గీతలుపడి చదవడం మానేసింది. "తాత పోతె తాత పోయినట్టే," అనేవారు మేడం.

ఇక ప్రభాకరం గారిని పరిచయం చేయాలి. మేడం భర్త. తుని వైపు మనిషి, రైల్వేలో సిగ్నళ్ళ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. రోజూ మధ్యాహ్నం మేడంకు క్యారేజీ తెచ్చి, ఆమె తినేదాకా కూర్చుని, తిన్నాక తాళం సరిగా పడుతుందో లేదో చూడ్డానికి ఆఫీసులో ప్రతి తలుపూ ఒకసారి వేసి తీసి వెళ్ళేవారు. ఆయన మతం ఒకటే, మెయింటెనెన్స్. మంచి మనసుతో మనిషి ఎంత నష్టం చేయగలడో నేను ఆయన దగ్గరే చూశాను.

ఆ ఏడు దసరాకు ముందు కిరణ్ అనే ఆయన వచ్చాడు. సొంతంగా సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టులు చేస్తాడు. మల్కాజిగిరిలో ఒక ప్రైవేటు దవాఖానాలో టోకెన్లు ఇచ్చే కౌంటర్లకు కొత్త సాఫ్ట్‌వేర్ పెడుతున్నాడు. అందులో మా పట్టిక, మా క్యాలెండర్ బిగించాలని అతని ఆలోచన. కౌంటర్లలో ఉన్నవి పాత కంప్యూటర్లు, వాటిలో ఉన్నది సరిగ్గా మా తాత బ్రౌజర్. అందులో నడుస్తుందని మా పేజీలో రాసి ఉంటే దవాఖానా వాళ్ళు సంతకం పెడతారు, పండగ మర్నాటికల్లా రాయాలి. వాళ్ళ కౌంటర్లలో చూద్దామంటే, రోగులు వరసలో నిలబడి ఉండగా ప్రయోగాలకు ఇవ్వరు. కొత్త పట్టికను మేము తాత మీద అప్పటికింకా పరీక్షించలేదు. ఈ ఆర్డర్ మాకు ఎంత పెద్దదంటే, అప్పటికి షెడ్డు ఓనరు మెట్ల మీద కనబడితే ఇంజనీర్లిద్దరూ ఫోన్ మాట్లాడుతున్నట్టు నటించడం మొదలుపెట్టారు. ఇది రాకపోతే ఆఫీసు మూయాలి. ఆఫీసు మూస్తే మళ్ళీ నా భుజం, నీళ్ళ క్యాను. నాకు జీవితంలో దొరికిన మొదటి కుర్చీ అది, చక్రాల కుర్చీ. దాని మీద కూర్చుని గిరగిరా తిరగడం ఇంకా మొహం మొత్తలేదు.

ఆయుధపూజ రోజు మేడం మమ్మల్ని పదింటికి రమ్మన్నారు. పూజ చేసుకుని, మధ్యాహ్నం తాత మీద పట్టిక నడిపి చూద్దామని. నేను నిమ్మకాయలు, బంతిపూలు తీసుకుని మెట్లెక్కేసరికి ముసలోళ్ళ గదిలోంచి మల్లె అగరొత్తి వాసన, దానితోపాటు కాలిన దుమ్ము వాసన. ప్రభాకరం గారు అందరికన్నా ముందే వచ్చారు. అన్ని కంప్యూటర్లూ విప్పి, తుడిచి, దుమ్ము ఊది, ప్రతి తెరకూ పసుపు కుంకుమలు పెట్టారు. అక్కడితో ఆగి ఉంటే ఈరోజు నాకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఆయన చేతిలో బయటి గది నుంచి లాక్కొచ్చిన నెట్ వైరు ఉంది. మొహంలో ఒక పెళ్ళి జరిపించిన సంతృప్తి ఉంది.

"ఏమోయ్ యాదగిరీ, చూశావా? ఆయుధపూజంటే ఆయుధాలు పదునుగా ఉండాలోయ్. ఒక్కోటీ ఎన్నేళ్ళ నుంచి అప్‌డేట్‌కి నోచుకోలేదో పాపం, అడుగుతూనే ఉన్నాయి. అన్నింటికీ చేసేశాను. మీ మేడంకి చెప్పకు, సర్‌ప్రైజ్."

తాత తెర మీద కుంకుమ బొట్టు కింద నీలం గీత ఒకటి మెల్లగా చివరిదాకా వచ్చి ఆగింది. గది మొత్తం కుర్రకారుతో మెరిసిపోతోంది. మేడం అప్పుడే లోపలికి వచ్చారు. తెరలన్నీ చూశారు. భర్త చేతిలోని వైరు చూశారు. తొందరలో ఏ కళ్ళజోడు పెట్టుకున్నారో తెలియదుగానీ ఆయన మొహాన్ని పైనుంచి కిందికి చదివారు. నేను చేతిలోని నిమ్మకాయను జేబులో వేసుకున్నాను, తొక్కడానికి అది సమయం కాదని.

"మంచిగనె తుడిచిన్రు," అన్నారు మేడం చివరికి. "తాతను కూడ తుడిచిపెట్టిన్రు."

సంగతి అర్థమయ్యాక ఆ పెద్దాయన కుర్చీలో కూలబడ్డారు. సిగ్నల్ తప్పు పడితే రైలు ఏమవుతుందో తెలిసిన మనిషి ఆయన. ఇంజనీర్లలో ఒకతను మెల్లగా, "రాసేద్దాం మేడం, థియరీ ప్రకారం..." అని మొదలుపెట్టి ఆ కళ్ళజోడు తన వైపు తిరగడం చూసి ఆపేశాడు. కిరణ్‌కు ఫోన్ చేస్తే, "మేడం, ఒక్క వరస. ఎవరు చూస్తారు? నడవకపోతే అప్పుడు చూసుకుందాం," అన్నాడు. అందరూ అదే మాట అంటుంటే నాకు కూడా అదే న్యాయంగా కనిపించింది. మేడం మాత్రం నా వైపు తిరిగి, "యాదగిరీ, నువ్వు నీళ్ళేసిన దుకాన్లల్ల గిసుంటి ముసలి కంప్యూటర్ యాడనన్న సూసినవా?" అని అడిగారు.

చూశాను. బోడుప్పల్‌లో నర్సింగన్న అని పెళ్ళిపత్రికలు అచ్చువేసే ఆయన ఉన్నాడు. నెట్ పెడితే వైరస్ వచ్చి పెళ్ళికొడుకుల పేర్లు తారుమారవుతాయని ఆయన భయం. అందుకని తాత ఈడుదైన తన కంప్యూటర్‌ను కొన్ననాటి నుంచి గడప దాటనివ్వలేదు. మేడంను నా స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళాను. దారంతా బంతిపూలు కట్టిన లారీలు, ఆటోలు. వెనక నుంచి మేడం, "మెల్లగ పోరా, నన్ను కూడ అప్‌డేట్ చేస్తవా ఏంది," అన్నారు.

నర్సింగన్న కూడా పూజలోనే ఉన్నాడు. అచ్చు మెషిన్ మీదా, కంప్యూటర్ మీదా పసుపు, కొబ్బరి చిప్పలు.

"పూజ జేసిన సామాన్ను గియ్యాల ముట్టొద్దు యాదిగా. రేపు రా."

"నర్సింగన్నా, దవాఖాన పనే. పానం మీదికొచ్చింది."

"ఎవరి పానం మీదికి?"

"మా తాత."

"అయ్యో, మొన్ననే పోయిండంటివి గద!"

"గాయిన వేరే. ఈయన మా ఆఫీసు తాత."

మేడం ముందుకొచ్చి ఉన్నదున్నట్టు చెప్పారు. భర్త చేసిన పనితో సహా. నర్సింగన్న పూర్తిగా విని, "అంటె సార్ మంచిగ జేద్దామని జేసిండు," అన్నాడు. ఇంట్లో ఆయనకూ ఏదో అనుభవం ఉన్నట్టుంది. కంప్యూటర్‌కు దండం పెట్టి, కొబ్బరి చిప్ప తీసి, కుర్చీ ఇచ్చాడు.

శుభలేఖల కట్టల మధ్య కూర్చుని మేడం అందులో ఉన్నది సరిగ్గా తాత బ్రౌజరేనని చూసుకుని, పెన్‌డ్రైవ్ పెట్టి ముందు క్యాలెండర్ తెరిచారు. వచ్చింది. పట్టిక తెరిచారు. అదీ వచ్చింది. నాలో చక్రాల కుర్చీ ఒక చుట్టు తిరిగింది. "నడుస్తున్నది మేడం, పోదాం పాండ్రి!" అన్నాను. మేడం లేచి, ఆ కుర్చీ నాకు చూపించారు.

"నేను ఒక్కసారే నొక్కిన. నువ్వు నొక్కు."

ఆ రోజు నా వేలు మొరాయించింది. జీవితంలో మొదటిసారి ఒక బటన్‌ను మర్యాదగా, ఒక్కసారే నొక్కాలనిపించింది. మేడం పక్కనే నిలబడి కళ్ళజోడు మార్చుకున్నారు. నొక్కాను. మళ్ళీ నొక్కాను. మూడోసారి నొక్కేసరికి పట్టిక తెల్లబడి బిగుసుకుపోయింది. మళ్ళీ మొదటి నుంచి చేశాం. మళ్ళీ అక్కడే.

నాకు కోపం వచ్చింది. "ఒక్క ముచ్చట రాస్తె ఏమైతది మేడం? ఒక్కసారి నొక్కితె నడుస్తున్నది గద. అబద్ధం గూడ కాదు."

మేడం పెళ్ళిపత్రికల కట్ట మీద కూర్చున్నారు. "యాదగిరీ, నువ్వు నొక్కొద్దు అనుకుంటనే నొక్కినవ్, అయినా మూడుసార్లు నొక్కినవ్. గాడ కౌంటర్ల కూసున్న పిల్ల ముంగట జనం నిలబడి ఉంటరు. ఎవలకో దమ్మొస్తుంటది, ఎవల సంకలనో పిల్లగాడు జ్వరంతోని కాలిపోతుంటడు. గా పిల్ల ఒక్కసారే నొక్కుతదా?"

నేను పెన్‌డ్రైవ్ పీకి మేడం చేతికిచ్చాను. తిరిగి వచ్చి మేడం ఆ పేజీలో రాశారు: ఈ బ్రౌజర్‌లో క్యాలెండర్ నడుస్తుంది. పట్టిక నడవదు. మూడుసార్లు నొక్కితే ఆగిపోతుంది. ఎర్ర అక్షరాల్లో.

తర్వాత ఆ దవాఖానా వాళ్ళు మెచ్చుకుని మా దగ్గరికే తిరిగి వచ్చారని మీరు అనుకుంటూ ఉంటారు. రాలేదు. నేను కూడా చాలాకాలం అలాగే అనుకుని, ఫోన్ మోగినప్పుడల్లా గొంతు సవరించుకునేవాణ్ణి. కిరణ్ మరో కంపెనీ సరుకు తీసుకున్నాడు. అది ఎలా నడిచిందో నాకు తెలియదు, నడిచే ఉండాలని కోరుకుంటాను. మేము షెడ్డు ఖాళీ చేశాం. ఇంజనీర్లిద్దరూ పెద్ద కంపెనీలకు వెళ్ళిపోయారు, థియరీకి అక్కడ గిరాకీ ఎక్కువ. ముసలోళ్ళందరినీ నీళ్ళ క్యాన్ల ట్రాలీలో ఎక్కించి నాచారంలోనే మేడం ఇంటి మేడ మీది గదికి తరలించాం. నేను మాత్రం నా పాత పనికి అర్జీ పెట్టుకోవడానికి సిద్ధమై ఉంటే, ట్రాలీ చివర మేడం నా చక్రాల కుర్చీ ఎక్కించమన్నారు. "చెడగొట్టేటోడు లేకుంటె నేనేం పేజీ రాస్తా?" అన్నారు. ఉన్న చిన్న గిరాకీతోనే, ఆ మేడ మీది గదిలో, ఆమె ఉన్నన్నాళ్ళూ కంపెనీ నడిచింది.

ప్రభాకరం గారు మాత్రం మారిపోయారు. ఆ దసరా తర్వాత ఆయన దేన్నీ అప్‌డేట్ చేయలేదు. ఆయన ఫోన్ రోజూ పొద్దున, ఇప్పుడా తర్వాతా అని అడిగేది. తపస్సులా 'తర్వాత' నొక్కేవారు. మేడం తలుపు చాటు నుంచి చూసి, "మీ ఫోన్‌కు చేస్కోవచ్చునండీ, మీ మీద ఒట్టు," అనేవారు. ఆయన వినేవారు కాదు.

నా మీద మేడం పని పెళ్ళిచూపుల్లో బయటపడింది. మల్కాజిగిరిలో లావణ్య వాళ్ళింట్లో మా అమ్మ నా గుణాలు వరసపెట్టి చెబుతోంది, కంప్యూటర్ కంపెనీ, బుద్ధిమంతుడు, తక్కువ మాట్లాడతాడు. తక్కువ మాట్లాడతాడు అన్న దగ్గర నాకు ఆ రిక్వైర్‌మెంట్స్ పేజీ కళ్ళ ముందు కదిలింది. లావణ్యతో మాట్లాడమని బాల్కనీలోకి పంపినప్పుడు, "ముందే చెప్తున్న. తొమ్మిదిల బడి బంద్ జేసిన. నోరు బంద్ గాదు. లెక్కలు రావు. చావింటికి పోయినా ఒక జోకు జారుతది. గివన్ని ఎర్ర అక్షరాలు. వండుడు వస్తది, కోపం రాదు, అవి నడుస్తయి," అన్నాను. ఆమె బాల్కనీ గోడకు ఆనుకుని, "నాకు పొద్దున లేవంగనే ఎవలన్న మాట్లాడిస్తె నడవది. చాయ్ తాగినంకనే. మా తమ్మున్ని ఎవలేమన్నా నడవది," అంది. మా అమ్మ బయటికి వచ్చి ఇద్దరమూ నవ్వుతుండడం చూసి, నేను ఏదో చెడగొట్టానని గుండె పట్టుకుంది. పెళ్ళికి మేడం వచ్చి లావణ్య చేతిలో గాజులు పెట్టి, "నడవనివి అన్నీ చెప్పిండా?" అని అడిగారు. "ఇంక కొన్ని ఉన్నయి మేడం, రోజుకొకటి దొర్కుతున్నది," అంది లావణ్య. రెండు కళ్ళజోళ్ళూ కదిలాయి.

మేడం పోయారు. మధ్యాహ్నం క్యారేజీ తిని, కొంచెం నడుం వాలుస్తానని పడుకుని, లేవలేదు. నేను ఇప్పుడు ఉప్పల్‌లో సొంతంగా చిన్న చిన్న దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు పెట్టిస్తుంటాను. ఎక్కడికి వెళ్ళినా అంగడి గొప్పలు వినక ముందే, ఏ బ్రౌజర్, ఏ వెర్షన్, సర్వర్ ఎక్కడ, దాని మీద ఏం పెట్టారు అని అడుగుతాను. ఆ తర్వాత మా సరుకులో ఏది నడవదో చెబుతాను. కొంతమంది అక్కడే లేచి వెళ్ళిపోతారు. ఉన్నవాళ్ళు ఉంటారు.

బ్లోయర్ వాసన పీల్చిన మర్నాడు ఆయుధపూజ. ఏటా లాగే నిమ్మకాయలు, బంతిపూలు పట్టుకుని ప్రభాకరం గారింటికి వెళ్ళాను. మేడ మీది గది తుడిచి పెట్టి ఉంది. నెట్ వైరు దరిదాపుల్లో లేదు. కొత్త తాతకు బొట్టు పెట్టాం. నర్సింగన్న కంప్యూటరే అది, ఆయన కొత్తది కొన్నాక తెచ్చి ఇచ్చాడు, నెట్ చూపించనని మాట తీసుకుని మరీ. పూజయ్యాక ప్రభాకరం గారు, "ఓసారి వెయ్యవోయ్, ఆవిడ పట్టిక," అన్నారు. తెరిచాను. వచ్చింది. ఒకసారి నొక్కాను, చక్రం తిరిగింది. రెండోసారి నొక్కాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. మూడోసారి నొక్కాను. పట్టిక తెల్లగా పాలిపోయి, సరిగ్గా అక్కడే బిగుసుకుపోయింది.

"చచ్చిందా?"

"సచ్చింది సార్."

"ఆవిడ రాసినట్టే?"

"ఆమె రాసినట్టే."

ఆయన తెర మీది కుంకుమ బొట్టును వేలితో సరిచేశారు. కిందికి దిగబోతూ తలుపు ఒకసారి వేసి, తీసి, తాళం చూసుకున్నారు. ఆయన జేబులో ఫోన్ టింగుమంది. తీసి చూడకుండానే బొటనవేలితో, అలవాటైన చోట నొక్కారు. తర్వాత.